విప్పి వేసిన కుట్లు

"రెండూ ఎడమ చేతులే!"

మా అమ్మాయి ఆ రెండు గుడ్డముక్కల్నీ ఎత్తి, తడిబట్ట దులిపినట్టు గాల్లో దులిపింది. "అన్నయ్యా, ఇటు చూడు. బ్యాండు మాస్టారి కోటుకి వదిన రెండూ ఎడమ చేతులే కత్తిరించింది. ఆయన పుల్ల ఊపేది కుడిచేత్తో కదా, ఆ చేతికేం తొడుగుదాం? గోనెసంచా?"

మా వాడి మెషీను ఆగింది. గొప్ప శబ్దం చేసే మెషీను అది. ఆగితే గోడ గడియారం కూడా వినపడుతుంది.

కోడలు కత్తిరించే బల్ల దగ్గర నిలబడి ఉంది. ఇంత ఉక్కపోతలోనూ భుజాల మీద శాలువా. మొన్న మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడినప్పటి నుంచీ మొహం ఇంకాస్త ఉబ్బినట్టుంది. ఆ ముక్కల వంక చూసింది, తన అరచేతుల వంక చూసుకుంది.

"నేనేనా కత్తిరించింది?" అంది.

"కాదు, ఎలుకలు," అంది మా అమ్మాయి.

చేతికుట్టు పనిలో మా అమ్మాయిని మించినవాళ్ళు లేరు. ఆ చేతికీ ఆ నోటికీ కలిపి వీధి వీధంతా దానికి గుండుసూది అని పేరు పెట్టింది. కన్నదాన్ని కాబట్టి కాదనడానికి నాకు నోరు లేదు.

"ఊరుకోవే," అన్నాను బొత్తాలు కుడుతూ. "పొరపాటు పడని చెయ్యి ఎక్కడుంది?"

"ఇది పొరపాటా అమ్మా? పోయిన వారం కాలరు, అంతకుముందు జేబులు. బల్ల మీద తల పెట్టుకుని పగలే నిద్ర. పిలిస్తే పలకదు, పలికితే కప్పలా పలుకుతుంది. ఇంకో ముక్క కత్తిరిద్దామంటే ఆ గుడ్డ అయిపోయింది. సాయంత్రం ఆయనొస్తాడు."

అది చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అదే నాకు బాధ. ఈ కోడలు మా ఇంటికి వచ్చిన కొత్తలో సుద్దగీత లేకుండా కత్తిరించేది. గుడ్డ మీద అరచెయ్యి ఒకసారి ఇటునుంచి అటు పరిచేది, అంతే, కత్తెర నీళ్ళలో చేపలా సాగిపోయేది. చూడ్డానికి పనున్నవాళ్ళూ లేనివాళ్ళూ వచ్చి నిలబడేవాళ్ళు. ఆ చెయ్యేనా ఇది?

మా వాడు లేచొచ్చి ఒక ముక్కని తిరగేసి చూశాడు. "అరవకండి. దీన్ని తిరగవైపు పైకి పెట్టి కుడితే కుడిచెయ్యే అవుతుంది. తిరగవైపు రంగు కాస్త వెలిసినట్టుంటుంది, అంతేగా. మన దీపం కింద ఆయన్ని కన్నవాళ్ళు కూడా పోల్చుకోలేరు."

"ఎండలో?" అంది కోడలు.

"ఎండలో ఎవరు చూస్తారు?"

"ఆయన పార్కులో వాయిస్తారు. పట్టపగలు."

"నువ్వు దాని గురించి ఆలోచించకు. నేను చూసుకుంటా."

"ఆయనకి చెప్పేయండి. తప్పు నాదని చెప్పండి."

"చెప్తే ఏమొస్తుంది? నీకు మాటొస్తుంది."

"రానీండి."

మా వాడు ఆ ముక్క పట్టుకుని మెషీను దగ్గరికి పోయాడు. వాడికి చిన్నప్పటి నుంచీ అంతే. ఎవరి కంట్లో నీళ్ళున్నా చూడలేడు, గబగబా ఏదో ఒకటి కప్పేస్తాడు.

కోడలు కత్తెర తీసింది. మొన వైపు తను పట్టుకుని, పిడి వైపు మా అమ్మాయికి చాచింది. "అమ్మాయ్, ఇకనుంచి ఇది నువ్వు పట్టు. నా చెయ్యి నాది కాదు. నేను మళ్ళీ దీన్ని ముట్టుకోను."

గుండుసూది నోరు మొదటిసారి మూతబడింది. అది రెండడుగులు వెనక్కి వేసి, "నాకెందుకు వదినా," అంది. "నాకు సూదే బరువు."

కోడలు కత్తెరని బల్ల మీద పెట్టి పైకి వెళ్ళిపోయింది. మెట్టు మెట్టుకీ గోడ పట్టుకుంటూ.

*

మొన్న కళ్ళు తిరిగి పడ్డాక చేయించిన రక్తపరీక్ష ఫలితం ఆసుపత్రిలో ఆ రోజే చెబుతామన్నారు. మధ్యాహ్నం ముగ్గురం వెళ్ళాం. గుండుసూదిని దుకాణంలో ఉంచాం. దాన్ని తీసుకెళితే డాక్టరమ్మకే సూది పొడిచి వస్తుంది.

డాక్టరమ్మ వయసులో మా కోడలి కన్నా చిన్నదే. కాగితం చూస్తూ ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టింది.

"చలిగా ఉంటుందా, అందరికీ ఉక్కగా ఉన్నప్పుడు కూడా?"

"ఉంటుందండీ."

"జుట్టు?"

"దువ్వెన నిండా వస్తుంది."

"నెలసరి?"

కోడలు నా వంక చూసి తల దించుకుంది. "వస్తే ఒక పట్టాన ఆగదండీ. రాకపోతే రాదు."

"మలబద్ధకం? మతిమరుపు? ఊరికే ఏడుపు రావడం?"

అన్నిటికీ ఊఁ అనే సమాధానం. మా ఇంట్లో ఇన్నాళ్ళూ వీటన్నిటికీ వేరువేరు పేర్లుండేవి. చలికి వయసని, నిద్రకి బద్ధకమని, మతిమరుపుకి పరధ్యానమని, ఏడుపుకి పుట్టింటి బెంగని. అన్నీ ఒకే తాడుకి కట్టినవని ఎవరికి తెలుసు!

"ఒళ్ళు పెరిగిందా?"

"లేదండీ." ఆ ఒక్కదానికి మాత్రం కోడలు తల ఎత్తి గట్టిగా చెప్పింది. "నా జాకెట్లన్నీ మునుపటివే. ఒక్కటీ బిగుసుకుపోలేదు. కొలతల్లో పుట్టి పెరిగినదాన్ని, ఆ మాత్రం తెలియదా నాకు?"

డాక్టరమ్మ ఆమెని తూకం మీద నిలబెట్టింది. చూసి, తను కూడా పక్కకి వంగి ఇంకోసారి చూసింది. మేం తెచ్చిన ఏళ్ళ నాటి చీటీలో ఉన్న బరువు చదివింది, అప్పటికీ ఇప్పటికీ చాలా తేడా. కోడలు నవ్వింది. "మీ తూకం పాడైపోయినట్టుందండీ."

మా వాడు కిటికీ దగ్గర నిలబడి, మెళ్ళో టేపుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. ఆసుపత్రికి కూడా టేపుతోనే వచ్చేశాడు పాపం, తీసి పెట్టడం మరిచిపోయి.

"దీనికి ఇదివరకు ఎవరికైనా చూపించారా?" డాక్టరమ్మ అడిగింది.

"ఆమధ్య ఒకాయనకి చూపించాం. నీరసంగా ఉందని. ఆయన కూడా ఒళ్ళు పెరిగిందా అని అడిగారు. లేదన్నాను. బలానికి టానిక్కు రాసిచ్చారు."

"ఒళ్ళొక్కటే గుర్తు కాదు. అప్పుడే రక్తం కూడా చూసి ఉండాల్సింది. కానీ మీరు పెరిగానని చెప్పి ఉంటే ఆయనకి తప్పకుండా అనుమానం వచ్చేది." కాగితం మా వైపు తిప్పి చూపించింది. "ఇది థైరాయిడ్ తక్కువవడం. గొంతు దగ్గర చిన్న గ్రంథి ఉంటుంది. దాన్నుంచి వచ్చే హార్మోనే ఒళ్ళంతటినీ నడిపిస్తుంది. మీకది చాలా తక్కువగా వస్తోంది. అందుకే అన్నీ మందగించాయి."

"మెషీను బెల్టు వదులైపోయినట్టన్నమాట," అన్నాను. "ఎంత తొక్కినా చక్రం తిరగదు."

"అంతే అమ్మమ్మా. తొక్కేవాళ్ళు బద్ధకస్తులని తిట్టి లాభం లేదు."

ఆ మాట మా ఇంటిల్లిపాదికీ తగలాల్సిన మాట.

"మాత్ర ఉంది. రోజూ పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. ఆ వెంటనే టీ, టిఫిన్ వద్దు, ఒక అరగంటో గంటో ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలుంటే దీనితో కలపకుండా బాగా ఎడంగా వేసుకోవాలి. కొన్ని వారాలయ్యాక మళ్ళీ రక్తం చూసి మోతాదు సరిచేస్తాను. కాస్త తేలికపడగానే మానేయకండి, అందరూ చేసే పని అదే. ఇది బహుశా ఎప్పటికీ వేసుకోవాల్సిందే."

"నా చెయ్యి?" అంది కోడలు. "మళ్ళీ పని చేస్తుందా?"

"నెమ్మదిగా. మీ చెయ్యి ఎక్కడికీ పోలేదు."

కోడలు లేవబోయి, మళ్ళీ కూర్చుంది. అడగబోయేదేమిటో నాకు తెలుసు.

"పోయిన చలికాలంలో నాకు కడుపు పోయింది. అది దీని వల్లేనా?"

డాక్టరమ్మ కలం మూత పెట్టింది. "ఇదే కారణమని నేను చెప్పలేనమ్మా. కడుపు నిలవకపోవడానికి చాలా ఉంటాయి. కారణం కాదని కూడా చెప్పలేను. ఈసారి ముందే చూసుకుంటాం. అది మాత్రం చెప్పగలను."

కిటికీ దగ్గర టేపు మా వాడి వేళ్ళలోంచి జారి నేల మీద పడింది. వాడు తీసుకోలేదు. నేనే వంగి తీశాను.

*

ఇంటికొచ్చే దారిలో మందుల దుకాణం దగ్గర కోడలు మాత్రల సీసా తనే అడిగి తనే తీసుకుంది.

ఇల్లు చేరగానే పైకి వెళ్ళింది. కాసేపటికి "అత్తయ్యా" అని బొంగురు గొంతుతో పిలిచింది. ఆయాసపడుతూ ఎక్కాను.

మంచం నిండా జాకెట్లు. అన్నీ తిరగేసి ఉన్నాయి. ఒకదాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, పక్కకుట్టు పొడవునా వేలితో తడుముతోంది.

"మీ వేళ్ళతో చూడండి అత్తయ్యా."

చూశాను. కుట్టుకి ఆనుకుని లోపలి వైపు పాత సూది బెజ్జాల వరస ఒకటి. దానికి లోపల ఇంకొకటి. దానికీ లోపల ఇంకొకటి. కుట్టిన కుట్టుని విప్పి, కాస్త బయటికి జరిపి మళ్ళీ వేశారు. మళ్ళీ విప్పి మళ్ళీ వేశారు. లోపల మడిచి ఉంచిన గుడ్డంతా అలా అలా బయటికి వచ్చేసింది. ఆఖరి కుట్టు అంచుని పట్టుకుని వేలాడుతోంది. ఇక ఒక్క పోగు కూడా లేదు. ఒకదానికైతే చంక కింద సన్నని ముక్క అతికి ఉంది, రంగు కలిసేలా, ఇస్త్రీ అంత నున్నగా.

ఎంత ప్రేమగా అతికాడో.

"ఏవండీ," అని పిలిచింది.

మా వాడు గుమ్మంలోకి వచ్చి, మంచం చూసి, అక్కడే ఆగిపోయాడు.

"కుట్టు చివర ఊడకుండా మూడుసార్లు వెనక్కి తొక్కేది ఈ వీధిలో మీరొక్కరే," అంది కోడలు. "ఎప్పటి నుంచి?"

వాడు టేపు కోసం మెడ తడుముకున్నాడు.

"అడుగుతున్నా కదా."

"ఆ గుంపు ఫొటో దగ్గర్నుంచి," అన్నాడు. "చెల్లి నవ్వింది కదా. వదిన నిలబడితే ఫొటోలో మిగతావాళ్ళకి చోటుండదని. నువ్వు ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఆ తర్వాత పచ్చ జాకెట్టు తొడుక్కోబోయి, పట్టక, తలుపు వేసుకుని ఏడ్చావు. నాకు చూడబుద్ధి కాలేదు. నువ్వు పొద్దు గూకగానే పడుకుంటున్నావు. కిందకి తీసుకెళ్ళి కాస్త వదులు చేశాను. మర్నాడు వేసుకుని, 'చూశారా, తగ్గాను' అన్నావు. ఎంత సంతోషంగా అన్నావో! అందుకని..."

"అందుకని మళ్ళీ మళ్ళీ."

"నీకు బాధ తెలియకూడదనుకున్నా."

"బాధ తెలియకపోతే మనిషి చెయ్యి కాలేదాకా పొయ్యి మీదే ఉంచుతాడండీ." కోడలి గొంతు పెంచుదామన్నా పెరగలేదు. ఆ జబ్బు గొంతుని కూడా తినేసింది. అందుకే ఆ మాటలు అంత మెల్లగా వచ్చి అంత లోతుగా దిగాయి. "నా ఒళ్ళు నాకేదో చెబుదామని చూసింది. మీరు దాని నోరు నొక్కారు. ఆ డాక్టరుగారు అడిగితే లేదని ఎంత ధీమాగా చెప్పానో మీకు తెలుసు. మీరు నా పక్కనే కూర్చున్నారు."

"అప్పుడు చెబుదామనే అనుకున్నా."

"మరి?"

"ఆయన ముందు నువ్వు చిన్నబోతావని..."

"ఆయన ముందు!" కోడలు జాకెట్టు మంచం మీద పెట్టింది. తర్వాత ఏదో అనబోయింది. అనలేదు. పోయిన చలికాలం మాట అది. ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ వినపడింది.

గుమ్మం వెనక నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. గుండుసూది ఎప్పుడొచ్చిందో! "అన్నయ్యా, నా మాట వల్లేనని నాతో ఒక్కసారి చెబితే నేను నోరు కుట్టేసుకునేదాన్ని కదా."

"నీ నోటికి చాలినంత దారం మన దుకాణంలో ఎక్కడుందే," అన్నాడు వాడు.

ఇంకో రోజైతే పగలబడి నవ్వేవాళ్ళం.

గుండుసూది లోపలికొచ్చి వదిన కాళ్ళ దగ్గర కూర్చుంది. నేల మీద పడిన దారప్పోగులు ఏరుతూ ఉండిపోయింది.

"వినండి," అంది కోడలు, మొగుడితో. "మీరు మంచివారు. మీరు చెడ్డవారైతే ఇప్పుడు నాకింత కష్టంగా ఉండేది కాదు. సాయంత్రం మాస్టారొస్తారు. ఆ చెయ్యి తిరగేసి కుట్టామని మీ నోటితో ఆయనకి చెప్పండి. కోటు వేసుకుని మురిసిపోయాక కాదు, ముందే. అది కూడా కప్పేస్తే, ఈ ఇంట్లో నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి లేడనుకుంటా. మా అక్క దగ్గరికి పోతా. మాత్ర ఎక్కడైనా వేసుకోవచ్చు."

"చెబుతా," అన్నాడు.

"అద్దం ముందు నిలబెట్టకముందే."

"చెబుతానన్నాగా."

*

మాస్టారు పొద్దు వాలుతుండగా వచ్చాడు. ఈల వేసుకుంటూ వచ్చాడు. "ఏమమ్మా, బొత్తాలు గట్టిగా కుట్టావా? పోయినసారి మధ్యలో ఒకటి ఎగిరి డప్పు మీద పడింది. జనం అది కూడా పాటలో ఉందనుకున్నారు!"

నేను నవ్వాననిపించాను. నా వీపు వెనక మెట్లున్నాయి. ఐదారు మెట్ల పైన కోడలు కూర్చుందని నాకు తెలుసు. ఆమె శాలువా అంచు మెట్టు మీద రాసుకున్న చప్పుడు విన్నాను.

మా వాడు కోటు తీసుకుని వచ్చాడు. పెదాల మధ్య పిన్నులున్నాయి. పిన్నులు నోట్లో ఉన్నప్పుడు మాట్లాడలేం కదా! ఒక్కొక్కటీ తీసి పిన్నుల దిండుకి గుచ్చుతున్నాడు. మాస్టారు ఆగలేక తనే కోటు లాక్కుని ఎడమ చెయ్యి తొడిగాడు. కుడి చెయ్యి తొడిగాడు. అద్దం ముందుకి నడిచాడు.

చెప్పరా, అనుకున్నాను. చెప్పరా నాయనా.

"అబ్బ!" అన్నాడు మాస్టారు. చెయ్యి ఎత్తి, లేని పుల్లతో లేని బ్యాండుని ఊపాడు. "చంకలో పట్టడం లేదు, మోచేతి దగ్గర లాగడం లేదు. ఏం చెయ్యండీ మీది!"

దీపం కింద రెండు చేతులూ ఒకే రంగు. వాడన్నట్టే, ఎవరూ పోల్చలేరు.

మా వాడి చివరి పిన్ను అయిపోయింది. మాస్టారి వెనక నిలబడి, లేని దుమ్ముని భుజం మీద నుంచి దులిపాడు. బొత్తాలు పెట్టాడు. ఒకటి తీసి మళ్ళీ పెట్టాడు. వాడి నోరు తెరుచుకోవడం, మూసుకోవడం అద్దంలో నాకు కనపడుతూనే ఉంది. వెనక్కి తిరిగి కోడలి మొహం చూడ్డానికి నాకే ధైర్యం లేకపోయింది.

మాస్టారు కోటు విప్పి, చేతి మీద వేసుకుని, ఈల వేస్తూ గడప దాటాడు.

అప్పుడు కదిలాడు మా వాడు. చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరిగెత్తి, మాస్టారి మోచెయ్యి పట్టుకుని, మిగిలిన కాస్త ఎండలోకి లాక్కెళ్ళాడు. కోటు చాచి పట్టుకుని రెండు చేతులూ పక్కపక్కన పెట్టాడు.

"ఇటు చూడండి మాస్టారూ. ఈ చెయ్యి రంగు తేడా. కత్తిరించడంలో పొరపాటు జరిగింది. నా భార్యకి ఒంట్లో బాగాలేదు. తను మీకు చెప్పేయమంది. దాచబోయింది నేను."

వీధంతా వినపడేలా అరిచి చెప్పాడు. లోపల మెట్ల దాకా వినపడాలని అరిచాడని నాకు తెలుసు.

మాస్టారి మొహంలో నవ్వు వాడిపోయింది. కోటుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కోపం లేదు, అది ఇంకా కష్టం. "నమ్మకంగా ఇన్నేళ్ళ నుంచీ మీ దగ్గరే కుట్టించుకుంటున్నానండీ," అన్నాడు. "నా పాత కోట్లలో ఇంకా ఏమేం కప్పిపెట్టారో ఇప్పుడెలా తెలుస్తుంది నాకు?"

కోటు మా వాడి చేతుల్లోనే వదిలేసి వెళ్ళిపోయాడు. ఈల వినపడలేదు.

మా వాడు లోపలికి వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. అయినా మొహంలో ఒక వెలుతురు. చిన్నప్పుడు పాఠం అప్పజెప్పేసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడు, అచ్చం అలా. "చెప్పేశాను," అంటూ మెట్ల వైపు చూశాడు.

నేనూ తిరిగి చూశాను.

మెట్ల మీద శాలువా ఉంది. మనిషి లేదు.

గుండుసూది పైనుంచి గబగబా దిగింది. "వదిన నీతో ఉందనుకున్నానే అమ్మా! పై కిటికీలోంచి చూస్తే పెరటి తలుపు తీసి ఉంది."

అందరం అద్దం వైపే చూస్తుంటే నా వెనక నుంచి ఎప్పుడు వెళ్ళిందో! బొత్తాలు పెడుతున్నప్పుడా? భుజం దులుపుతున్నప్పుడా? ఇంకొక్క క్షణం కూర్చుని ఉంటే వినేది. కానీ ఎన్నాళ్ళ నుంచి కూర్చుంటోంది పాపం.

మా వాడు పైకి పరిగెత్తాడు. వాడి అడుగులు గది చుట్టూ తిరగడం కింద నుంచి విన్నాను. దిగొచ్చేసరికి వాడి చేతిలో ఆ అతుకు వేసిన జాకెట్టు ఒక్కటే ఉంది, ఇంకా తిరగేసినట్టే. "అన్నీ ఇక్కడే ఉన్నాయమ్మా. మాత్రల సీసా లేదు."

"మందు పట్టుకెళ్ళిందంటే మంచిదేరా. బాగుపడదామనే."

వాడు కత్తిరించే బల్ల మీద చేతులానించి నిలబడ్డాడు. కాసేపటికి బల్ల మీద అరచేత్తో తడిమాడు. సుద్ద జరిపాడు. ఆ రెండో ఎడమ చేతి నుంచి మిగిలిన పేలికలు జరిపాడు. వంగి కింద చూశాడు.

"కత్తెర నువ్వు తీశావా?" అన్నాడు చెల్లెలితో.

"నేనా? దాన్ని ముట్టుకోవడానికే భయమేసింది నాకు. పొద్దున వదిన ఎక్కడ పెట్టిందో అక్కడే ఉందన్నయ్యా. ఇందాకటి దాకా ఉంది."

ముగ్గురం ఖాళీ బల్ల వంక చూశాం. మళ్ళీ ముట్టుకోనన్న మనిషి పట్టుకుపోయింది.

"అమ్మా," అన్నాడు మా వాడు, ఆ జాకెట్టుని గుండెలకి అదుముకుని. "కత్తెర తీసుకెళ్ళిందంటే తిరిగొస్తుందనా, ఇక రాదనా?"